జర్మన్ అధికారుల పాఠం, బావ సంతకం

ఆ ఆదివారం సాయంత్రం గోదావరిఖనిలో అక్కవాళ్ల క్వార్టర్‌లో కూర్చుని మర్నాటి పాఠం రాసుకుంటున్నాను. నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. నాజీల కాలంలో సొంత నాయకుడికే ఎదురు తిరిగిన జర్మన్ సైనికాధికారుల గురించి ఆ పాఠం. బావ భూగర్భ గనిలో ఓవర్‌మన్. షిఫ్టులో కార్మికులను పనిచోట్లకు పంపేది ఆయనే. చాయ్ తాగుతూ నా కాగితాలు అందుకుని చదివాడు.

"యుద్ధం రాకముందే వాన్ని పట్టుకుందామనుకున్నరు గదా, మరెందుకు ఆగిన్రు?"

"పక్కదేశం మీదికి పొమ్మని హుకుం ఇస్తే పట్టుకుందామనుకున్నరు బావా. పెద్ద దేశాలు భయపడి వాడడిగిన జాగ ఇచ్చేసినయి. యుద్ధం లేకుండనే గెలిచిండని జనం మురిసిన్రు. ఇగ వీళ్ల మాట ఎవడింటడు?"

"తర్వాత?"

"యుద్ధం నడుమ బల్ల కింద బాంబు పెట్టిన్రు. వాడు బతికిండు. వీళ్లను చంపిచ్చిండు."

"పెండ్లాం పిల్లలు?"

"ఆడోళ్లను జైల్లేసిన్రు. పిల్లల పేర్లు మార్చి యాడనో పెట్టిన్రు."

బావ కాగితాలు కింద పెట్టాడు. తన గని సంగతి చెప్పాడు. ఆయన పనిచోట రెండు రోజులుగా పైకప్పు నుంచి పెళ్లలు రాలుతున్నాయి. దాన్ని నిలబెట్టే సపోర్టులు చాలవు. అయినా పొద్దున మనుషులను పంపమని పై అధికారి నోటిమాటగా చెప్పాడట.

"నేను పంపియ్య."

"గట్లనకు బావా. పిల్లలున్నరు. అందరు చేసినట్టే చెయ్యి" అని ఆయన చెయ్యి పట్టుకుని బతిమాలాను. ఎదురు తిరిగినవాళ్ల గురించి నాలుగు పేజీలు రాసింది నేనే.

చిక్కుడుకాయలు తుంచుతున్న అక్క తలెత్తలేదు. "ఆపకు తమ్మీ. కిందికి దిగేటోళ్లకు ఇండ్లు లేవా?" అంది.

మర్నాడు క్లాసులో ఒక అమ్మాయి లేచింది. "సార్, వాళ్లు గెలవలేదు గదా, ఎందుకు చదవాలె?" రేపు చెప్తానని కూర్చోమన్నాను. నా ధ్యాసంతా ఫోన్ మీదే.

కాలేజీ నుంచి నేరుగా అక్కవాళ్లింటికే వెళ్లాను. మూడున్నరకల్లా ఇంటికి చేరాల్సిన బావ ఐదైనా రాలేదు. గని వైపు నుంచి ఏ బండి వచ్చినా అక్క గేటు దాకా పోయి చూసి వస్తోంది. ఐదున్నరకు వచ్చాడు. మనుషులను ఆపి, కారణం రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాడట. ఆఫీసులో అరుపులు, ఆపైన చెప్పిన మాట వినలేదని ఛార్జిషీటు.

నెల తిరక్కుండా బావకు శ్రీరాంపూర్ వైపు గనికి బదిలీ అయింది. ఆయన మనుషులను ఆపిన చోట తర్వాత సపోర్టులు వేయించారు కనుక పైకప్పు కూలనే లేదు. "ఉత్తగనే భయపడ్డవ్" అని తోటివాళ్లే నవ్వారు. ఛార్జిషీటు కంటే ఆ నవ్వుకే బావ ఎక్కువ కుంగాడు.

విచారణ ఇంకా తేలలేదు. ఆయన డ్యూటీలో ఉండగా ఆఫీసు కవరు వస్తే అక్క నాకు ఫోన్ చేసి, తెరవాలా అని అడుగుతుంది. తెరువు అనడానికి నాకు ఇప్పటికీ భయమే.