వాకిలికి గడ్డి మందు

మా ఆయన పోయాక వాకిట్లో గడ్డి నాకంటే ధైర్యంగా పెరిగింది. పిల్లలు లేరు. కాజీపల్లిలో మా ఇంటికి అటూ ఇటూ కిరాయి గదులే. బీహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కుర్రాళ్లు షిఫ్టుల ప్రకారం వస్తారు, పడుకుంటారు, పోతారు. ఎదురుపడితే "నమస్తే ఆంటీ" అంటారు, నేను తలూపుతాను. నేను పనిచేసే మాత్రల ఫ్యాక్టరీలో మూతికి గుడ్డ కట్టుకుని ప్యాకింగ్ చేస్తాం కాబట్టి అక్కడా పెద్దగా మాటలుండవు. ఇంటికొచ్చి ఆ గడ్డిని చూస్తే ఒళ్లు మండేది.

ఇంట్లో పాత గడ్డి మందు సీసా ఉంది. ముందు కొడవలితో గడ్డంతా శుభ్రంగా కోసేసి, మిగిలిన మొదళ్ల మీద మందు చిక్కగా కలిపి గుమ్మరించాను. గడ్డికి మంచినీళ్లు దండగని సంపు అడుగున ఉన్న బురద నీళ్లే వాడాను. కొన్నాళ్లకే గడ్డి మళ్లీ పచ్చగా లేచింది. ఖాళీ అయింది సీసా ఒక్కటే.

ఇంకో సీసా కోసం సంగారెడ్డి బజారుకు వెళ్లాను. విత్తనాలూ మందులూ అమ్మే దుకాణంలో ముసలి సేటు కూర్చుని ఉన్నాడు.

"గడ్డి మందు కావాలె" అన్నాను.

"ఎన్నెకరాలమ్మా?"

"ఎకరాలెక్కడియి? ఇంటి ముంగట వాకిలికి."

ఆయన నన్ను తేరిపార చూశాడు. బొట్టు లేని ముఖం, పక్కన ఎవరూ లేరు. "ఇంట్ల ఇంకెవరున్నరు? వాళ్లను పంపు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. మా వైపు ఫలానా ఆమె గడ్డి మందు కొన్నదంటే ఎవరూ గడ్డి గురించి అడగరు. ఆమె ఉందా పోయిందా అని అడుగుతారు. కోపం నషాళానికెక్కింది.

"ఏంది సేటు, సావనీకి వచ్చిన్ననుకున్నవా?"

"కోపం జెయ్యకమ్మా. మీ వాళ్లది ఎవరిదన్న ఒక్క నంబర్ చెప్పు, మాట్లాడి ఇస్త."

ఫోన్ తీసి పేర్లన్నీ పైకీ కిందికీ జరిపాను. గ్యాస్ బండ తెచ్చే అతను, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్, పలకరింపులు ఆగిపోయిన చుట్టాలు. నేను గడ్డి మందు కొంటున్నానంటే ఉలిక్కిపడే మనిషి ఒక్కరూ కనిపించలేదు. ఆ దుకాణం మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. నేను వచ్చింది గడ్డి కోసమే, నిజంగా గడ్డి కోసమే.

సేటు నీళ్లిచ్చి, ముందు ఏం చేశానో చెప్పమన్నాడు. చెప్పాను. నెత్తి కొట్టుకున్నాడు.

"కోసినంక కొడ్తే ఏం లాభం? మందు తాగేది ఆకు. ఆకు పచ్చగుంటెనే మందును వేరు దాంక మోస్తది. చిక్కగ కల్పితే ఆకు ముందే మాడుతది, వేరు బతుకుతది. బురద నీళ్లల్ల మందు మట్టికే అంటుకపోతది. సీసా మీద రాసినంతనే, మంచినీళ్లల్ల, ఆ పూటకు సరిపోయేంతనే కలుపు. గాలి, మబ్బు లేనప్పుడు ఆకు తడిసేటట్టు కొట్టు, కారేటట్టు గాదు. చేతులకు తొడుగులు మర్వకు."

నా తిప్పలన్నీ విన్నాక, నా పగ గడ్డి మీదేనని నమ్మినట్టున్నాడు. అన్నిటికంటే చిన్న సీసా ఇచ్చి నా నంబర్ తీసుకున్నాడు. "పొద్దుగాల ఫోన్ జేస్త. గడ్డి ఎండిందో లేదో చెప్పాలె."

మర్నాడు నిజంగానే చేశాడు. "లేసినవా అమ్మా? గడ్డి ఎట్లుంది?" మందు పనిచేయడానికి రోజులు పడుతుందని నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా రోజూ అడిగేవాడు. ఆయన అడిగేది గడ్డి గురించి కాదని నాకూ తెలుసు. ఫోన్ మోగే వేళకు టీ పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఈసారి మందు వృథా పోలేదు. ఆకులు పసుపెక్కి, గడ్డి వేళ్లతో సహా ఎండిపోయింది. పారతో గీకేస్తే వాకిలి నున్నగా బయటపడింది.

పొద్దున ఫోన్ మోగింది. "అంత ఎండిపోయిందా అమ్మా?"

గడ్డిపోచ లేని వాకిలి వైపు చూశాను.

"లేదు సేటు, ఇంక జెర పచ్చగనే ఉంది" అన్నాను.