గోడకు ఆ పక్క సాకెట్

తణికాచలం మామ ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే అడిగే మాట ఒకటే: "ఎర్త్ ఉందా?"

మంచినీళ్ళు అడగడు, క్షేమసమాచారం అడగడు. ప్రతి ఇంటికీ ఒక తీగ తిన్నగా భూమిలోకి దిగి ఉండాలి, షాక్ వచ్చిందంటే మనిషిని వదిలి ఆ తీగలోంచి పోవాలి. అది లేని కొంపల్లో జనం బతికున్నారంటే కేవలం పొరపాటున బతికున్నారని ఆయన నమ్మకం. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్ ఉంటుంది. కాళ్ళకు రబ్బరు చెప్పులు. పెళ్ళికైనా అవే, చావుకైనా అవే.

పోనీ కరెంటు పనిలో పుట్టి పెరిగాడా అంటే అదీ లేదు. ముప్పై ఏళ్ళు తిరువళ్ళూరు బజారులో గుడ్డల కొట్టు నడిపాడు. మణవాళనగర్‌లో ఆయన ఇంటి మేడ మీద నేనూ, నా భార్య దీపికా ఆరేళ్ళుగా బాడుగకు ఉంటున్నాం. ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజే నా చేతిలోని ఫోను చార్జర్ లాక్కుని, వైరు తడిమి చూసి, "ఇది చిట్లింది. నువ్వు లోపలికి రావొచ్చు, ఇది రాగూడదు" అన్నాడు. వరసకు ఏమీ కాకపోయినా ఆ రోజు నుంచి ఆయన నాకు మామ.

ఒకసారి వాళ్ళ బంధువుల అబ్బాయి చంద్రుకు తిరుత్తణిలో పెళ్ళిచూపులు. కారు నడపడానికి నన్ను తీసుకెళ్ళారు. అందరూ అమ్మాయి చదువు, వంట, జాతకం అడుగుతుంటే మామ టెస్టర్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. అరగంటకు వచ్చాడు.

"అమ్మాయి బంగారం. ఎర్త్ లేదు" అన్నాడు.

ఆ సంబంధం అంతటితో సరి. తిరిగి వచ్చేటప్పుడు పాపపరిహారానికి అందరం అక్కడి కొండ మీది గుడికి వెళ్ళాం. అక్కడ చెప్పులు విడవాల్సి వచ్చేసరికి మామ ప్రాణం విలవిల్లాడింది. దర్శనం అయ్యాక పూజారి గురుక్కళ్ దగ్గరికి వెళ్ళి మెల్లగా, "ఇంత ఎత్తున వేలాయుధం పట్టుకొని నిలబడినాడే స్వామి, పిడుగులు పడతాయి గదా, ఎర్త్ ఉందా?" అని అడిగాడు.

గురుక్కళ్ విసుగ్గా చూసి, "కింద కొండంతా అదే గదప్పా!" అన్నాడు.

మామ కొండ కిందికి తొంగిచూసి, తృప్తిగా దణ్ణం పెట్టుకున్నాడు. నేను చూసినంతలో ఆయన పరీక్షలో నెగ్గినవాడు ఆ స్వామి ఒక్కడే.

ఘోరంగా తప్పింది మాత్రం ఆయన సొంత చెల్లెలు చెంగమ్మక్క. ఒకే ఇంటిని పంచుకుని మధ్యలో గోడ కట్టుకున్నారు. గోడకు ఈ పక్క అన్న, ఆ పక్క చెల్లెలు. ఆమె ఇడ్లీ మావు రుబ్బి అమ్ముతుంది. మణవాళనగర్‌లో సగం ఇళ్ళు పొద్దున్నే తినేది ఆమె పిండే. పెరట్లో గోడకు ఆనించి రేకుల షెడ్డు, అందులో పెద్ద గ్రైండర్, దానికి వంటింటి కిటికీలోంచి వేలాడుతూ వచ్చే తీగ. ఆ తీగకు మూడు చోట్ల టేపు. కింద ఎప్పుడూ నీళ్ళు.

రెండేళ్ళ క్రితం తిరుత్తణి నుంచి అరుణాచలం అనే వంటల కాంట్రాక్టరు పెళ్ళి ఆర్డర్ ఇద్దామని వచ్చాడు. అన్నీ మాట్లాడుకున్నాక మామ గోడ మీద నుంచి తల పెట్టి, "ఆ గ్రైండర్‌కు ఎర్త్ లేదు, చూసుకోండప్పా" అన్నాడు. అరుణాచలం మళ్ళీ వస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. చెంగమ్మక్క ఆ రోజే అన్నతో మాటలు మానేసింది.

మానేసినా, చెప్పాల్సినవి ఆగవు కదా. మామ గోడ మీది కాకితో చెప్పేవాడు: "ఏం కాకీ, కొందరికి ప్రాణమంటే లెక్కలేదు, చూస్తివా?" అవతల నుంచి చెంగమ్మక్క కూడా అదే కాకితో చెప్పేది: "ఏం కాకీ, కొందరికి పనీపాటా లేదు, చూస్తివా?" కాకి బిత్తరపోయి ఎగిరిపోయేది.

పోయిన వానాకాలం ఒకరోజు గోడ అవతల గిన్నె ఎగిరిపడిన చప్పుడూ, "అయ్యో" అన్న కేకా మేడ మీదికే వినిపించాయి. నేను దిగేసరికి చెంగమ్మక్క మోచెయ్యి రుద్దుకుంటూ, "ఏమీ లేదప్పా, జారింది" అంది. జారితే ఎవరూ అలా వణకరు. గోడకు ఇవతల మామ నిలబడి ఉన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

"దినకరా, ఇంకో వానాకాలం ఆ తీగ తట్టుకోదు" అన్నాడు.

"మరి చెప్పండి మామా, తీగ మార్పిద్దాం."

"నేను చెప్తే వింటాదా? నేను చెప్పినానని ఉండే టేపు గూడా పీకి పారేస్తాది."

తర్వాత చాలా రోజులు ఆ మాట ఎత్తలేదు. ఈ ఏడు ఐప్పసి నెలలో, దీపావళి వానలకు ముందు ఉన్నట్టుండి, "మనకు బయట ఒక సాకెట్ కావాల. రిమోట్‌తో ఎలిగి ఆరేది" అన్నాడు. తోటలో లైటు కోసమేమో అనుకుని తెచ్చిచ్చాను.

బిగించడానికి జయచంద్ర వచ్చాడు. పాపం, మంచి ఎలక్ట్రీషియన్. మూడు రోజుల్లో మూడు కేజీలు తగ్గాడు.

"మూతుండే పెట్టేనా? వానకు తడవదు గదా?"

"తడవదు మామా. ఆ మాదిరి బయట పెట్టేదానికే చేసినారు."

"మూత మీద టేపు ఎయ్యబాక. ప్లగ్గు పెట్టినా మూత దానికదే మూసుకోవాల. రొమ్ము ఎత్తున పెట్టు, కింద నీళ్ళు చిందుతాయి. తీగ పైనుంచి దిగగూడదు. కిందికి ఒంగి, మళ్ళీ పైకెక్కి లోపలికి పోవాల. అప్పుడు నీళ్ళు ఒంపు కాడ కారిపోతాయి."

"సరి మామా."

"షాక్ తగిల్తే టక్కని కరెంటు ఆపేస్తాదే, ఆ ట్రిప్పరు పెట్టినావా? బటన్ నొక్కి చూపించు. ఇంకోసారి. ఎర్త్?"

"మామా, పొద్దున్నించి పద్నాలుగు సార్లు చూపించినాను!"

"పదిహేను కానీ."

గోడకు బిగించే ముందు బల్ల మీద పెట్టి చూశాం. మామ రిమోట్ నొక్కగానే సాకెట్ దీపం వెలిగింది. ఎదురింట్లో ఆనంద్‌రాజ్ గేటు లైటు కూడా వెలిగింది. వాళ్ళదీ అదే రకం, కోడ్ ఒకటే. నేను నవ్వాను. మామ నవ్వలేదు.

"నవ్వతాండావా? రేపు ఆడు గేటు లైటు ఏసుకుంటే ఈడ గ్రైండర్ తిరిగితే? అందులో చెయ్యి ఉంటే?"

"మనకు గ్రైండర్ ఎక్కడిది మామా?"

"మాటకు చెప్పినాను" అని కసిరాడు. సాకెట్ బటన్ పట్టుకుని, ఎర్రదీపం మినుకుమనేదాకా ఆగి, కొత్త కోడ్ నేర్పించాడు. తర్వాత ఆనంద్‌రాజ్ చేత వాళ్ళ రిమోట్ ఇరవై సార్లు నొక్కించి, ఇక్కడ ఏదీ వెలగలేదని రూఢి చేసుకున్నాకే వదిలాడు.

మర్నాడు సాయంత్రం లోకల్ ట్రెయిన్ దిగి ఇంటికొచ్చేసరికి వీధి వీధంతా మా గేటు దగ్గరే ఉంది. మామ జయచంద్రను చెడామడా తిడుతున్నాడు.

"కళ్ళుండాయా నీకు? గోడకు ఈ పక్క పెట్టరా అంటే ఆ పక్క పెడతావా?"

నిజమే. చెంగమ్మక్క ఊత్తుకోటలో గృహప్రవేశానికి వెళ్ళిన రోజు చూసి, జయచంద్ర గోడకు కంత వేసి, సాకెట్‌ను సరిగ్గా ఆమె షెడ్డులో, రేకు కింద, గ్రైండర్ పక్కన బిగించాడు. వీధి పడీ పడీ నవ్వింది. పదిహేను సార్లు ఎర్త్ చూసిన మనిషి ఏ పక్కో చూడలేదు!

"ఇప్పుడు పీకితే గోడ పగుల్తాది. ఉండనీ, నా కర్మ" అని మామ చెప్పులు టపటపలాడిస్తూ లోపలికి పోయాడు.

ఊరినుంచి వచ్చిన చెంగమ్మక్క సాకెట్‌ను చూసింది. చుట్టూ తిరిగి చూసింది. కిటికీ తీగను పీకి, గ్రైండర్ ప్లగ్గు అందులో పెట్టి, "ఏం కాకీ! నా పక్కకొచ్చింది నాదే!" అని ప్రకటించింది.

యుద్ధం మొదలైంది. మామ రిమోట్‌ను కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేసుకున్నాడు. స్నానానికి వెళ్ళినా తీయడు. గ్రైండర్ గిర్రున తిరుగుతుంటుంది. టక్. ఆగిపోతుంది. "కాకీ, ఎవురో ఆపినారు!" అని చెంగమ్మక్క. మళ్ళీ టక్. తిరుగుతుంది. "కాకీ, నా కరెంటును ఎవురో దొంగిలిస్తాండారు!" అని మామ. పొద్దస్తమానం ఇదే. దీనిమధ్య ప్రతి పొద్దునా గోడ మీద ఒక గిన్నెడు మావు మూతపెట్టి ఉండేది. "ఎవురో మర్చిపోయినారు. పులిసిపోతాది" అని మామ దాన్ని లోపలికి తీసుకెళ్ళి ఇడ్లీ పోసుకునేవాడు.

చెల్లెల్ని ఏడిపించడంలో ఇంత ఆనందమా అని నాకు కోపంగానే ఉండేది.

ఒక శనివారం అరుణాచలం మళ్ళీ వచ్చాడు. తిరుత్తణిలో పెద్ద పెళ్ళి, సాయంత్రానికి మావు కావాలి. ఈసారి కూడా పోతే ఇక ఆ పక్క ఆర్డర్లు రావు. చెంగమ్మక్క పొద్దున్నుంచి రుబ్బుతూనే ఉంది. మధ్యాహ్నం ఏటవాలుగా వాన పట్టుకుంది. ఆరేసిన బట్టల కోసం నేను మేడ మీదికి పరిగెత్తాను. కింద టక్కుమని గ్రైండర్ ఆగింది.

"కాకీ, నా ఆర్డర్ పోతాది! ఎయ్యమని చెప్పు!" అని ఆమె కేక పెట్టింది.

వంగి చూశాను. మామ బోర్లించిన బకెట్ మీద, గొడుగు పట్టుకుని, మునివేళ్ళపై నిలబడి గోడ మీదుగా చూస్తున్నాడు. చూపు చెల్లెలి ముఖం మీద లేదు, చేతుల మీద ఉంది. ఆమె తిరిగే రాళ్ళ పక్కన మావు తోయడానికి చెయ్యి పెట్టబోతే టక్. చెయ్యి బయటికి వస్తే టక్. అప్పటిదాకా జరిగిన టక్కులన్నీ నాకు ఒక్కసారి గుర్తొచ్చాయి. నేను సిగ్గుపడ్డాను.

ఈలోగా గాలికి రేకు లేచింది. వాన నేరుగా గ్రైండర్ మీద పడుతోంది. చెంగమ్మక్క కంగారుగా, తడిచేత్తో ప్లగ్గు వైపు వెళ్ళింది.

"చెంగా! చెయ్యి తుడుచుకోయే!"

రెండేళ్ళలో మొదటి మాట. కాకి కూడా లేదు మధ్యలో. వానలో ఆ కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

"ముందు చెయ్యి తుడుచుకో! రిమోట్ ఆపితే ఆగినట్టు కాదు, ప్లగ్గు పీకితేనే ఆగినట్టు. ఆ స్విచ్చి గూడా ఆపు. తర్వాత పీకు. దినకరా, ఏం చూస్తాండావురా? దిగి గ్రైండర్ పట్టు!"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకింది. నేనూ దీపికా వెళ్ళి గ్రైండర్‌ను తడి తగలని మూలకు జరిపాం. అంతా తుడిచి మళ్ళీ ప్లగ్గు పెట్టాక మామ బకెట్ మీదే నిలబడి, మూత మూసుకుందా, తీగ తడవలేదా, కాళ్ళకు చెప్పులున్నాయా అని నా చేత చెప్పించుకుని, అప్పుడు నొక్కాడు. టక్. సాయంత్రం ఆరుకు అరుణాచలం వ్యాను నిండుగా వెళ్ళింది.

మర్నాడు జయచంద్ర కనిపిస్తే, "నీ పొరపాటు మంచికే వచ్చిందయ్యా" అన్నాను.

"పొరపాటా? ఆ పక్కే పెట్టమని గీత గీసి చూపించినాడన్నా! 'అందరి ముందర నిన్ను గట్టిగా తిడతాను, ఏమీ అనుకోబాకప్పా' అని ముందే దోశ గూడా తినిపించినాడు."

ఈ రహస్యం కడుపులో దాచుకోలేక, పిండి కొనే వంకతో నేరుగా చెంగమ్మక్క దగ్గరికే వెళ్ళి చెప్పేశాను. ఆమె పప్పు కడుగుతూ తల కూడా ఎత్తలేదు.

"మా అన్న గోడకు ఏ పక్క పెట్టాలో తెలీని ఎర్రోడా? చిన్నప్పుడు గూడా అంతే. మామిడిముక్కలు నాకిస్తే నేను తీసుకోనని, నాకు కనబడేటట్టు దాచిపెట్టేవాడు. నేను దొంగిలించి తినేదాన్ని. మొదటి రోజే తెలుసు నాకు."

"తెలుసా! మరి ఆయనతో చెప్పేదా అక్కా?"

"అయ్యో, చెప్పబాకప్పా! చెప్తే రేపటి నుంచి అది ఇచ్చినట్టు అవుతాది. మా అన్న ఇస్తే నేను తీసుకోను గదా?"

అంటూనే తడిచేత్తో, తిరుగుతున్న గ్రైండర్ వైపు మళ్ళింది. టక్. ఆగిపోయింది.

చెంగమ్మక్క నవ్వు ఆపుకుంటూ కొంగుతో చేతులు తుడుచుకుని, గోడ వైపు చూసి గట్టిగా అంది: "ఎర్త్ ఉండాదిలే, కాకీ!"

గోడ అవతల ఏ కాకో తృప్తిగా దగ్గింది.