విప్పి చూడనివ్వని సైకిల్

మా మేనత్త పోయిన నెల కన్నుమూసింది. వంటింట్లో క్యారియర్లు సర్దుతూనే కూలబడింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. సైకిల్ వల్ల పోయిందని నేను అనను. కానీ చివరి నెలల్లో అది ఆమెను పెట్టిన యాతన కళ్ళారా చూశాను. దాన్ని అమ్మినవాళ్ళ మీద అసహ్యం దాచుకుని మర్యాదగా రాయడం నా వల్ల కాదు.

తిరుపతి ఆస్పత్రుల్లో రోగుల వెంట ఉండేవాళ్ళకు అత్త ఇంటి భోజనం ఇచ్చేది. తనే తీసుకుపోయేది. మోకాళ్ళు మొరాయించాక బ్యాటరీ సైకిల్ కొనుక్కుంది. బుట్టలో క్యారియర్లు, హ్యాండిల్‌కు మజ్జిగ సంచి. వార్డు ముందు కూర్చున్నవాళ్ళకు వేడి అన్నం అందాలి, అదొక్కటే ఆమె పట్టుదల.

ఇంట్లో ఏది పాడైందన్నా ఒకటే మాట అడిగేది: "చెడిపోయిందంటావు, విప్పి సూసినావా?" మా మిక్సీ, ఇస్త్రీపెట్టె ఆ మాటతోనే ఇన్నేళ్ళు బతికాయి.

ఆయుధపూజ నాడు కత్తిపీటకు, గ్రైండరుకు పెట్టినట్టే సైకిల్‌కూ గంధం, కుంకుమ పెట్టింది. బ్యాటరీ డబ్బా మీద బొట్టు సరిగ్గా కంపెనీ అంటించిన కాగితం సీలు మీద పడింది. తడికి దాని అంచు లేచింది. కొన్నాళ్ళకు బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కడం ఆగిపోయింది. రేణిగుంట దారిలోని సర్వీస్ సెంటరుకు ఇద్దరం పోయాం.

అక్కడి ఉద్యోగి డబ్బా వైపు చూసి, "సీలు కదిలిచ్చినారమ్మా. వారంటీ లేదు. కొత్త బ్యాటరీ వేసుకోవాల" అన్నాడు.

"నేను కదిలించలేదు నాయనా, బొట్టు పెట్టినా. లోపల ఏమైందో విప్పి సూడు."

"మేం విప్పేది లేదమ్మా. బయటోళ్ళు విప్పితే బండే లాక్ అయిపోతాది."

అత్త అతన్నే చూసింది. "నా బండికి నేను బొట్టు పెట్టకూడదు, నేను విప్పకూడదు. దీన్ని నాకు అమ్మినారా, నన్ను దీనికి కాపలా పెట్టినారా?"

అతను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఛీ, మనుషులు సిగ్గు వదిలేస్తే ఇట్లాగే ఉంటుంది.

ఆ తర్వాత అత్త ఆ బరువు సైకిల్‌ను తోపుడుబండిలా నెట్టుకుంటూ పోయింది. ఆటోలో పొమ్మంటే, "కొన్న బండి ఈడుండగా ఆటో యాందిరా" అనేది. చేరేసరికి అన్నం చల్లారేది. "రేపు వేడిగా తెస్తానమ్మా" అని ఆస్పత్రి మెట్ల దగ్గర వాళ్ళను బతిమాలుకోవడం నేను విన్నాను. ఆమె తప్పేముందని?

పెద్దకర్మ అయ్యాక మా వీధి సైకిల్ షాపతన్ని పిలిచి డబ్బా విప్పించాం. లోపల ఒక్క వైరు ఊడి ఉంది, అంతే. అతికించాడు. ఛార్జింగ్ ఎక్కింది. బటన్ నొక్కితే మోటారు కదల్లేదు. హ్యాండిల్ మీది చిన్న తెర వెలిగింది: అనుమతి లేని మరమ్మతు. కంపెనీని సంప్రదించండి.

అత్త కూతురు లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది.

"ఇది మాయమ్మ బండి" అని, ఆ తెర మీదనే బొట్టు పెట్టింది.

ఎర్రటి చుక్క వెనక ఆ అక్షరాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.