మార్కెట్‌లో చోటు అడిగిన మా నరసత్త

నిన్న పొద్దున విజయనగరంలో ఆఫీసుకి బయల్దేరుతుంటే నాన్న ఫోన్.

"ఒరే, మీ నరసత్త మనకింక లేదురా."

నేను నమ్మలేదు.

నమ్మకపోవడానికి సాలిడ్ రీజన్ ఉంది. ముందురోజు సాయంత్రమే ఆవిడ నన్ను ఫోన్లో తిట్టింది. నా ఉద్యోగం, నా జుట్టు, నాకింకా పెళ్లి కాకపోవడం... ఒక్క టాపిక్ కూడా వదల్లేదు. అంత ఊపిరున్న మనిషి తెల్లారేసరికి ఎలా పోతుంది?

పోయింది. మార్కెట్‌కి తోటకూర కట్టలు కడుతూ అలాగే పక్కకి ఒరిగిపోయిందట. గుండె, అన్నారు డాక్టరుగారు.

ఆవిడని చూడని దురదృష్టవంతుల కోసం చిన్న పరిచయం. అప్పలనరసమ్మ, మా నాన్నకి అక్క. నాగావళి పక్కన మా ఊళ్లో పండిన కూరలు దగ్గర్లోని టౌన్ మార్కెట్‌లో నేలమీద గోనెసంచి పరిచి అమ్మేది. షాపు లేదు, బోర్డు లేదు, మార్కెటింగ్ టీమ్ లేదు.

నోరు ఉంది.

ఒకసారి ఒకాయన టమాటాలు ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నారు. అత్త కాసేపు ఓర్చుకుంది.

"బాబూ, మీ బుగ్గలు నాను ఇలగే నొక్కి సూస్తే బాగుంటాదేటి?"

ఆయన అప్పటినుంచి ఇంకెవరి దగ్గరా కొనలేదు.

సరే, ఆఖరి తిట్లకి కారణం చెప్పాలి.

టౌన్‌లో పాత మార్కెట్ తీసేసి కొత్త కాంప్లెక్స్ కడతారట. రెండంతస్తులు, లిఫ్టు, కార్ పార్కింగ్. బొమ్మ చాలా అందంగా ఉంది, నేనూ చూశాను. కార్లకి చోటుంది. కుండీల్లో మొక్కలకి చోటుంది. ఊళ్లనుంచి బుట్టలతో వచ్చే ఆడవాళ్లకి లేదు.

వాళ్లు బైపాస్ అవతలికి వెళ్లాలట. అక్కడ బస్సు ఆగదు, నీడ ఉండదు, కొనేవాళ్లు రారు.

గురువారం దాని మీద మీటింగ్. నన్ను రమ్మంది. వస్తానన్నాను. వస్తానన్నందుకే తిట్లు.

"వొచ్చి ఫొటోలు తీస్తానంటే రాకు. మాటాడతానంటే రా."

ఇక్కడ ఒకటి క్లియర్‌గా చెప్పాలి. మా అత్తకి టౌన్ మీద కోపం లేదు. పిచ్చి ప్రేమ. కొత్త బట్టల షోరూమ్‌లో ఏసీ బాగుంటుందని, ఏమీ కొనకుండా చీరలన్నీ విప్పించి చల్లబడి వచ్చేది. ఆవిడ పాయింట్ ఒక్కటే.

"టౌను పెరగొద్దని ఎవులన్నారు? పెరగాల. మమ్మల్ని తోసీకుండా పెరగాల."

డెవలప్‌మెంట్ మీద మా కాలేజీలో ఒక సెమిస్టర్ మొత్తం చెప్పారు. నాకు గుర్తున్నది మాత్రం ఈ ముక్కే. సార్‌లు క్షమించాలి.

ఇప్పుడు అసలు కథ.

నేను కాలేజీలో ఉండగా, ఒక ఎండాకాలం, మార్కెట్‌లో అత్తకి చల్లటి వాటర్ బాటిల్ కొనిచ్చాను. ఆవిడ మూత తీసి మొత్తం తోటకూర మీద చల్లేసింది.

"అదేటత్తా, తాగవా?"

"తాగితే ఎక్కడికెల్తానురా? మీ కాలేజీకొస్తానేటి?"

అప్పుడు తెలిసింది. అక్కడ కూర్చునే ఆడవాళ్లెవరూ ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచి మళ్లీ ఇల్లు చేరేదాకా నీళ్లు ముట్టుకోరు. మార్కెట్‌లో టాయిలెట్ ఉంది. దానికి తాళం ఉంది. షాపులవాళ్లకి మాత్రమే, అని ఒక బోర్డు కూడా ఉంది.

ఎన్నిసార్లు అడిగినా తాళం తియ్యలేదు. దాంతో అత్త ఒక రోజు ఇంటినుంచి బిందెలతో మజ్జిగ తెచ్చింది. అందరిచేతా కడుపునిండా తాగించింది. తర్వాత అందరినీ వెంటబెట్టుకుని మార్కెట్ ఆఫీసుకి వెళ్లింది. నినాదాల్లేవు, జెండాల్లేవు. స్టాఫ్ బాత్‌రూమ్ ముందు బుద్ధిగా లైన్ కట్టారు.

క్లర్కు పరిగెత్తుకొచ్చారు. "అమ్మా, ఇది స్టాఫ్‌ది!"

"మేమూ స్టాఫే బాబూ. మేం ఒక్క రోజు మానీసినామంటే మీ ఇంట్ల కూరేటి?"

లైన్ కదలడం లేదు. ఇంతలో ఆఫీసర్‌గారే గదిలోంచి బయటికి వచ్చారు. పాపం, ఆయనకీ అర్జెంటే.

అత్త ఆయనకి నమస్కారం పెట్టింది. చాలా మర్యాదగా చెప్పింది.

"లైన్లో రండి బాబూ. పెద్దోళ్లూ సిన్నోళ్లూ అందరికీ ఒకటే బాద కదా."

మార్కెట్ టాయిలెట్ తాళం ఆ రోజే తెరుచుకుంది. బోర్డు కూడా పీకేశారు.

నవ్వండి, ఫర్వాలేదు. మేమూ నవ్వాం. కానీ ఆ రోజు తిరుగు ఆటోలో పక్కింటి పారమ్మ పిన్ని ఏడ్చింది. "ఇన్నేళ్లకి మనుసుల్లాగ సూసినార్రా మమ్మల్ని" అంది.

ఇవాళ పొద్దున ఆ పారమ్మ పిన్నే, మార్కెట్ ఆడవాళ్లందరితో అత్త ఇంటి వాకిట్లోకి వచ్చింది. అందరి మనసులోనూ ఒకటే ప్రశ్న. గురువారం సంగతేంటి?

చుట్టాల్లో ఒక పెద్దాయన కసిరారు. "మైల రోజులు. ఇప్పుడు ఆఫీసులేటి, గొడవలేటి?"

ఆడవాళ్లు వెనక్కి తిరగబోయారు.

అప్పుడు మా మావ, అంటే అత్త భర్త, నోరు విప్పాడు. అత్త ఉన్నంతకాలం ఆ ఇంట్లో మాట్లాడే టర్న్ ఆయనకి రాలేదు.

"మైల నాకు, నా పిల్లలకి. మీకేటి? మేం గడప దాటం. మీరెల్లండి. మీ సోటు మీరడగండి."

తర్వాత నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఒరే అల్లుడూ, నువ్వెల్తన్నావా నేదా?"

"ఎల్తన్నాను మావా."

లీవ్ పెట్టేశాను. రీజన్ అనే చోట 'ఫ్యామిలీ' అని రాశాను. అబద్ధం కాదు.

ఫ్రెండ్స్, ఈ పోస్ట్ కింద దండం ఎమోజీలు వద్దు. గురువారం పదింటికి మార్కెట్ ఆఫీసు దగ్గరికి మనుషులు కావాలి. కొత్త కాంప్లెక్స్‌లో కిందంతస్తు, బస్‌స్టాప్ వైపు, నీడ పట్టున, బుట్టలవాళ్లకి చోటు. అది కాగితం మీద గీసేదాకా కదిలేది లేదు.

వెళ్లిరా అత్తా. ఇన్నేళ్లూ ఎండలో కూర్చున్నావు, ఇంక చల్లగా ఉండు. ఇక్కడి పని మాది.