చిన్నదాన్ని ఆపిన ఏడు

అంగన్‌వాడీ టీచర్లకు కర్నూలులో రెండు రోజుల శిక్షణ పెట్టినప్పుడు ఒక సారు తెర మీద గీత గీసి చూపించాడు. ఆరేళ్లలోపు పిల్లల మీద పెట్టిన రూపాయి, పెద్దయ్యాక పెట్టిన రూపాయి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తిరిగి వస్తుందట. భూమి కొన్నా, బంగారం కొన్నా అంత లాభం రాదట. నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయం. అందుకేనేమో, లెక్కలు చెప్పేవాళ్లంటే మహా గౌరవం. ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు కొట్టి, ఆలూరు బస్సెక్కాను.

పదమూడేళ్లుగా మా ఊరి కేంద్రం నడుపుతున్నాను. ప్రతి ఏడూ పత్తి పని అయిపోగానే సగం ఊరు సుగ్గికి పోతుంది. గుంటూరు వైపు మిరపకాయలు కోసే పనికి పోవడాన్ని మావాళ్లు సుగ్గి అంటారు. మూటలు, కోళ్లు, పిల్లలు, అందరూ ఒకే లారీలో. నేను హాజరు పుస్తకంలో ఆ పిల్లల పేర్లకు ఎదురుగా ‘వలస’ అని రాసి, ఆ నెల గుడ్లు ఎన్ని తగ్గించాలో చూసుకునేదాన్ని. ఏటేటా చేసే పని కాబట్టి దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఏడు మాత్రం అలా రాయబుద్ధి కాలేదు. శిక్షణ తలకెక్కి ఉంది. పైగా ఒక పాప విషయం. మూడున్నరేళ్లది. నెలల తరబడి నోరు విప్పకుండా గోడకు ఆనుకుని కూర్చున్నది, అప్పుడే మాట్లాడడం మొదలుపెట్టింది. రంగులు చెప్తోంది. అన్నం చాలలేదని నాతో పోట్లాడుతోంది. ఇప్పుడు తీసుకుపోతే నాలుగు నెలలు మిరప చేను గట్టు మీదే ఉండాలి, తిరిగొచ్చి మళ్లీ ఆ గోడకే అతుక్కుంటుంది. ఈ పిల్లను పోనివ్వకూడదని పట్టుబట్టాను.

వాళ్లమ్మ దగ్గరికి పోయేసరికి ఆమె గోనెసంచిలో గిన్నెలు సర్దుతోంది.

“పాపను అవ్వకాడ ఇడ్సిపెట్టి పో. పొద్దంతా నేను చూసుకుంటా. ఇప్పుడు ఈ బిడ్డ మీద రూపాయి పెడితే రేపు ఎన్ని రూపాయిలొస్తాయో తెలుసునా నీకు?” అన్నాను.

“ఎప్పుడొస్తాయి?”

“పెద్దయినంక.”

“ఎవరికొస్తాయి టీచరమ్మా, మాకేనా?”

సారు ఆ సంగతి చెప్పలేదు, నేను అడగలేదు. “పాపకు, మీకు, దేశానికి గూడా” అన్నాను.

“దేశానికే అంత వచ్చేదుంటే, ఆ దుడ్లలో కొంచెం ఇప్పుడే మాకియ్యొచ్చు గదా. సుగ్గి తప్పుతాది” అని నవ్వింది.

ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి మజ్జిగన్నం తింటూ కూడా మనసులో ఆమెతో వాదిస్తూనే ఉన్నాను. కోపం ఆమె మీదో, సారు మీదో, నా మీదో తేలలేదు. అయినా వదల్లేదు. నాలుగు రోజులు వాళ్లింటి చుట్టూ తిరిగాను. అవ్వకు చూపు సరిగా ఆనదు, వండి పెట్టేదెవరని ఆమె అడిగితే, రెండు పూటలా నేనే అన్నం పంపుతానన్నాను. ఐదో రోజు ఒప్పుకుంది. ఆ సాయంత్రం కేంద్రంలో ఆయాకు టీ తెప్పించి మరీ ఈ సంగతి చెప్పాను.

లారీ కదిలే పొద్దున పాపను చంకనెత్తుకుని వీధిలో నిలబడ్డాను. పాప వాళ్లక్క, పదేళ్లది, ఐదో తరగతి పిల్ల, లారీ ఎక్కుతోంది.

“ఇదెందుకు ఎక్కుతాండాది? చెల్లెలు ఈడనే ఉండాది గదా. ఇది ఇస్కూలుకు పోదా?” అన్నాను.

వాళ్లమ్మ నా చేయి పట్టుకుంది. “ఇన్నాళ్లు గట్టు మీద కూసొని చెల్లెల్ని చూసుకుంటాండె. నీ పుణ్యాన ఈ ఏడు ఆ పని తప్పె. ఇంక ఇది గూడా కాయలు కోస్తాది. కిలో లెక్కన ఇస్తారు గదా, ఇంకో రెండు చేతులు కలిసినట్లే. శానా మేలు చేస్తివి టీచరమ్మా.”

ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే దండం పెట్టింది. చిన్నది ఆగితే పెద్దది బడికి పోతుందని నాకు నేనే అనుకున్నాను, ఎవరినీ అడగలేదు. సారు గీసిన గీతలో ఒక్క బిడ్డే ఉంది, వీళ్లింట్లో ఇద్దరున్నారు. చిన్నదాని చేయి పట్టి టాటా చెప్పించాను.

ఆ నాలుగు నెలలూ ఆ పాప బాగా ఎదిగింది. పాటలు నేర్చింది, అంకెలు నేర్చింది. ఒక్కోరోజు దాన్ని చూస్తే ముద్దొచ్చేది. ఒక్కోరోజు దాని ముఖం చూడబుద్ధయ్యేది కాదు. నేను చేసింది మంచో చెడో తేల్చుకోలేక ఆయాను విసుక్కునేదాన్ని.

ఉగాది దాటాక వాళ్లు తిరిగొచ్చారు. మర్నాడు చెల్లెల్ని దింపడానికి అక్క కేంద్రానికి వచ్చింది. తోలు లేచిపోయి దాని వేళ్ల కొసలు ఎర్రగా ఉన్నాయి. చెల్లెలు దాని ముందు నిలబడి, గొంతెత్తి పాట పాడి, ఇరవై దాకా అంకెలు చెప్పింది. అక్క నోరు తెరుచుకుని చూసింది. తర్వాత గుమ్మంలో కూర్చుని నేల మీద చాక్‌పీసుతో ఏదో రాయబోయి, వేళ్లు మండి కింద పెట్టేసింది.

“టీచరమ్మా, చిన్నప్పుడు నేను గూడా ఈడికే వస్తాంటినంట గదా?”

“వస్తాంటివి.”

“అప్పుడు నన్ను గూడా ఇడ్సిపెట్టి పొమ్మని మాయమ్మకు చెప్పింటివా?”

పాత హాజరు పుస్తకాలు నా వెనక బీరువాలోనే ఉన్నాయి. ఆ పిల్ల పేరుకు ఎదురుగా నా చేతిరాతతో ఏముందో నాకు తెలుసు. ఆ ఏడు నేను వాళ్లింటి గడప కూడా తొక్కలేదు.

“చెప్పింటి” అన్నాను.

“మాయమ్మ అంతే టీచరమ్మా, ఎవరి మాటా ఇనదు” అంటూ ఆ పిల్ల నా పక్కకు జరిగి కూర్చుంది.