పక్కబట్టలతో కాలిన కాగితాలు

మొన్న మా చెల్లెలి కూతురి ఆపరేషన్‌కు నల్లగొండ దవాఖానకు పోతే, నర్సమ్మ ఒప్పుకోలు కాగితం నా చేతిలో పెట్టింది. అద్దాలు సవరించుకుని నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే నర్సమ్మకు విసుగొచ్చింది.

"అందరికీ గదే కాయితం అవ్వా! ఏం, పరీక్ష రాస్తున్నవా?"

"పరీక్షనే బిడ్డా. ఒకపారి ఫెయిలయిన."

తెలంగాణ వచ్చిన మరుసటేడు ఈ పిల్ల తల్లిని, అంటే నా చెల్లెలిని, గర్భసంచి ఆపరేషన్‌కు ఒక ప్రైవేటు దవాఖానకు నేనే తీసుకుపోయాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, వాళ్లు చూపిన చోట బొటనవేలు ఒత్తాను. మూడోనాటికి కడుపు ఉబ్బి, జ్వరంతో వణుకుతుంటే, పెద్ద డాక్టరు వస్తాడు వస్తాడని రెండు రోజులు ఆపి, ఆఖరుకు హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. దారిలోనే నా ఒడిలో ప్రాణం విడిచింది.

గొర్లు కాసుకునే మా ఇళ్లలో వేలిముద్ర పడిందంటే ఇక నోరెత్తేది లేదు. పైగా పోయినవాళ్ల పక్కబట్టలు ఇంట్లో ఉంచం. ఆమె దుప్పటి, చీరలు, మందుల చీటీలున్న సంచి అన్నీ ఊరవతల కుప్పేసి నా చేతులతోనే నిప్పు పెట్టాను.

తరువాత మహిళా సంఘంలో చదువు నేర్చుకుని, నాలుగేళ్లకు ధైర్యం చేసి వకీలు దగ్గరికి పోయాను.

"వేలుముద్ర ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టే గని, నిర్లక్ష్యానికి కాదక్కా. కాయితాలేవి?"

"కాలవెట్టిన సారూ."

ఆయన కలం కింద పెట్టి విడమరిచి చెప్పాడు. మనిషి పోయినంత మాత్రాన డాక్టరుది తప్పని కోర్టు అనదట. జాగ్రత్త గల డాక్టరు చేయాల్సింది చేయలేదని, దానివల్లే ప్రాణం పోయిందని కాగితాలతో, ఇంకో డాక్టరు మాటతో చూపించాలట. రెండేళ్లలోపు వినియోగదారుల కోర్టుకు పోవాలట. అప్పుడే అడిగి ఉంటే దవాఖానవాళ్లు మూడు రోజుల్లో నకళ్లు ఇవ్వాల్సిందేనట. నాలుగేళ్ల తరువాత పోయి అడిగితే, పాతవి లేవు పొమ్మన్నారు. తప్పు వాళ్లదేనా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు. తెలుసుకునే దారిని మాత్రం కాల్చింది నేనే.

ఇప్పటివాళ్లు నయం, ప్రతి చీటీని ఫోనులో ఫొటో తీసుకుంటున్నారు. నేనూ మొన్న కాగితమంతా చదివి, తెలియని మాటలు అడిగి, నకలు ఇస్తేనే సంతకం చేస్తానని కూర్చున్నాను. పిల్ల క్షేమంగా ఇంటికొచ్చింది. నకలు పెట్టెలో దాచాను.

దాంట్లో రోగికి ఏమవుతారు అన్న చోట నా వంకర అక్షరాలతో 'పెద్దమ్మ' అని ఉంది. అక్కడ 'తల్లి' అని రాయాల్సిన మనిషి ఉండాల్సింది.