ఒకే షీట్లో రెండు కార్డులు

మొన్న మా పాప మొదటి పుట్టినరోజు కార్డు కోసం నాన్నతో కలిసి అశోక్ నగర్‌లోని ప్రింటింగ్ షాపుకు వెళ్లినప్పుడు, మిషన్‌లోంచి వచ్చిన నమూనా కాగితం ఇంకా వెచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన ప్లాస్టిక్ వాసన. నేను వెతికింది కిరసనాయిలు కలిసిన సిరా వాసన.

చిక్కడపల్లిలో మా ఇంటి ముందు గదే ప్రెస్సు. మాఘమాసం వస్తే పెళ్లిపత్రికలు మంచాల మీద, బియ్యం డబ్బా మీద, కిటికీ గట్టు మీద ఆరుతూ ఉండేవి. మేం కాళ్లు ముడుచుకుని పడుకునేవాళ్లం. నాన్న కాగితం వృథా కానిచ్చేవాడు కాదు. కోయగా మిగిలిన అంచులు కుట్టి నాకు చిట్టి పుస్తకాలు చేసేవాడు. షీటు సగం ఖాళీగా పోతుందంటే ఇద్దరి పనులు పక్కపక్కన పెట్టి, సిరా తొట్టికి నడుమ అడ్డు వేసి ఒకవైపు ఎరుపు, ఒకవైపు నలుపు పోసి, ఒక్కసారే కొట్టి, తర్వాత కోసి వేరు చేసేవాడు. సరిగ్గా పడని షీట్లను అమ్మ నా బడి పుస్తకాలకు అట్టలుగా వేసేది.

ఐదో తరగతిలో నా లెక్కల పుస్తకం అట్ట మీద ఎర్రగా ఒక పెళ్లిపత్రిక, దాని పక్కనే నల్లగా ఎవరో ముసలాయన దశదినకర్మ పత్రిక. నా పక్కన కూర్చునే లత, అది తన అక్క పెళ్లిపత్రికేనని గుర్తుపట్టి మురిసిపోయి, ఇంట్లో చూపిస్తానని పుస్తకం తీసుకెళ్లింది.

సాయంత్రం వాళ్ల నాన్న ఆ అట్ట పట్టుకుని వచ్చాడు.

"ఏందయ్యా, నా బిడ్డ లగ్గం పక్కన పీనుగను పండవెడ్తవా?"

"కోసినంక దేనికదే గదనే. కాయితం దండుగైతదని..." అన్నాడు నాన్న.

"గంతేనా? అయితే గీ అట్ట మీద నా బిడ్డ పేరు కొట్టేసి నీ బిడ్డ పేరు రాయి. రాస్తే గివే కార్డులు తీస్కపోత."

నాన్న పెన్ను తీసుకున్నాడు. నావైపు చూశాడు. పెన్ను కింద పెట్టేశాడు.

"నీ బిడ్డ అనంగనే పానం గుంజిందా?" అని ఆయన నవ్వాడు. ఆ పెళ్లిపత్రికల కట్టలన్నీ నాన్న చేతనే కట్టర్ కింద ముక్కలు చేయించి, ఆ ముక్కలు నా చేత ఏరించాడు.

ఆ తర్వాత నారాయణగూడ నుంచి అడిక్‌మెట్ దాకా ఎవరూ మాకు పెళ్లిపత్రికలు ఇవ్వలేదు. అన్నీ నల్ల సిరా పనులే. బళ్లో, "ఇయ్యాల ఎవరు పోయిన్రే మీ ఇంట్ల?" అని అడిగేవాళ్లు, ముందుగా అడిగేది లతే. చివరికి మిషన్ పాత ఇనుము కింద పోయింది. ఆ గదిలో ఇప్పుడు హాస్టల్ పిల్లల మంచాలున్నాయి.

మొన్న షాపులో అమ్మాయి, "అక్కా, ఇంకొకళ్లది కూడ ఇదే షీట్ల ఏస్త, జర అగ్గువైతది, పైసలు తగ్గుతయ్," అంది.

"ఎవరిది?"

"సంవత్సరీకం కార్డు."

నాన్న పాపను ఎత్తుకుని నా పక్కనే ఉన్నాడు.

"వద్దు. మాదొక్కటే వెయ్యి," అన్నాను.

నాన్న పాపను నా చేతికిచ్చాడు. కోశాక తెల్లగా మిగిలిన సగాలన్నీ ఏరి, అంచులు సరిచేసి, సంచిలో పెట్టుకున్నాడు.